పాట తప్పా, పెట్టె తప్పా?



బాలల దినోత్సవం కోసం మా చోడవరం బ్రాంచి పిల్లల పాటలను ఈసారి మేమే కంప్యూటర్‌లో రికార్డు చేశాం. ఇంగ్లీషు టీచరుకు ఇదేం పని అని మీరు అడగవచ్చు. చిన్న తరగతుల రైమ్స్ రికార్డు చేయడంతో మొదలై, పని ఇక్కడిదాకా వచ్చింది. ఘంటసాల, సుశీల చదువుకున్న విజయనగరం సంగీత కళాశాల మనకు దూరమేమీ కాదు. మీలో చాలామంది పిల్లలకు పాటో, వయొలినో, కీబోర్డో నేర్పిస్తున్నారు. ఆన్‌లైన్ క్లాసులూ, ఇంట్లో రికార్డింగులూ మామూలైపోయాయి. అందుకే ఈ నెల ఇది రాస్తున్నాను.

మైకులోంచి వచ్చే ధ్వనిని కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చే చిన్న పెట్టెను ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. మా రికార్డింగులో, రోజూ అసెంబ్లీలో ప్రార్థన పాడే ఏడో తరగతి అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే తాళం తప్పడం మొదలుపెట్టింది. ప్రతి లైనూ సాగిపోతోంది. తోటి పిల్లలు నవ్వారు. నాలుగోసారికి హెడ్‌ఫోన్స్ తీసేసి, "నాకు పాట రాదు మేడమ్, వేరేవాళ్లతో పాడించండి" అంది. సరే, హెడ్‌ఫోన్స్ లేకుండా ఒక్కసారి పాడమన్నాను. తాళం ఎక్కడా తప్పలేదు.

అంటే లోపం గొంతులో లేదు, చెవికి వినిపిస్తున్నదాంట్లో ఉంది. కంప్యూటర్ ధ్వనిని కొంచెం కొంచెంగా పోగుచేసి పంపుతుంది. ఆ పోగు సైజునే బఫర్ అంటారు. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన 1024 బఫర్ పెడితే ఒక పోగుకు దాదాపు 21 మిల్లీసెకన్లు. లోపలికీ బయటికీ కలిపితే 40 దాటుతుంది. తన గొంతు తనకే ఆలస్యంగా వినబడితే ఎవరైనా దానికోసం ఆగుతారు, పాట సాగుతుంది. బఫర్ 128కి తగ్గిస్తే ఒక పోగుకు మూడు మిల్లీసెకన్లు కూడా పట్టదు. ఇంటర్‌ఫేస్ మీద 'డైరెక్ట్ మానిటర్' బటన్ ఉంటే ఇంకా మంచిది. గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే చెవికి చేరుతుంది. ఆ బటన్ నొక్కాక ఆ అమ్మాయి ఒక్క టేకులో పాడేసింది.

మీ ఇంట్లో ఇబ్బంది వస్తే వీటిని వరుసగా చూడండి:

1. రికార్డింగుకు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడకండి. వాటిలో ఆలస్యం ఇంకా ఎక్కువ. వైరువే మేలు.

2. అసలు ధ్వని రాకపోతే, సెట్టింగులలో ఇన్‌పుట్‌గా ఇంటర్‌ఫేస్‌నే ఎంచుకున్నారా, మైక్రోఫోన్‌కు అనుమతి ఇచ్చారా చూడండి. కండెన్సర్ మైకు అయితే 48 వోల్టుల బటన్ నొక్కాలి. యూఎస్‌బీ కేబుల్‌ను హబ్‌కు కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి.

3. 'గుయ్' మని మోత వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. మోత ఆగిందంటే అది కరెంటు వైపు నుంచి వస్తున్నట్టే. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి, ప్రాణానికే ప్రమాదం.

4. శ్రుతి మారినట్టుంటే శాంపిల్ రేటు చూడండి. 44,100లో చేసిన తంబూరా ట్రాక్‌ను మార్చకుండా 48,000లో వాయిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పెరుగుతుంది. అప్పుడు ఎంత బాగా పాడే పిల్లకైనా శ్రుతి కలవదు.

5. ఎర్ర లైటు వెలిగితే గెయిన్ తగ్గించండి. పగిలిన ధ్వనిని తర్వాత పూర్తిగా బాగుచేయలేం.

6. జూమ్ క్లాసులో వయొలిన్ నాదం మధ్యమధ్యలో మాయమవుతుంటే 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేయండి. లేకపోతే సాగే స్వరాన్ని అది రొదగా భావించి తీసేస్తుంది.

వీటిలో ఏదీ పెద్ద విద్య కాదు, పది నిమిషాల పని. కానీ ఆ పది నిమిషాలు చూడకుండా "నీకు రాదులే" అని మనం ఒక్క మాట అనేస్తే, పిల్లలు దాన్ని చాలాకాలం మోస్తారు. యంత్రం తప్పును తమ తప్పుగా రాసేసుకుంటారు. కాబట్టి మీ అబ్బాయో అమ్మాయో "నాకు రాదు" అన్నప్పుడు, ముందు "నీకేం వినబడుతోంది నాన్నా?" అని అడగండి. వీలైతే ఆ హెడ్‌ఫోన్స్ మీరే ఒకసారి పెట్టుకుని చూడండి.

అప్పటికీ తేలకపోతే, వచ్చే పేరెంట్స్ మీటింగుకు ల్యాప్‌టాప్, కేబుల్ తెచ్చుకోండి. మార్కుల సంగతి మాట్లాడుకున్నాక కలిసి చూద్దాం.