అంగడి బొమ్మలు, నడికట్టు బొమ్మలు

టోక్యోలో ఉయెనో పార్కులోని నేషనల్ మ్యూజియం పై అంతస్తులో జపాన్ ఎదో యుగం నాటి చెక్క అచ్చు బొమ్మలున్నాయి. రంగులు వెలిసిపోకుండా దీపాలు తగ్గించి, బొమ్మల్ని కొన్నాళ్లకోసారి మారుస్తుంటారు. ఈ భద్రమంతా చూస్తే ఇవి పుట్టుకతోనే అపురూపమైన కళాఖండాలనిపిస్తుంది. కాదనడానికి సాక్ష్యం ఆ కాగితాల మీదే ఉంది. నేను చూసిన ఒక కబుకి నటుడి బొమ్మ మీద చిత్రకారుడి సంతకానికి దగ్గర్లోనే ప్రచురణకర్త గుర్తు, గోరంత గుండ్రటి ముద్ర ఉన్నాయి. ముద్ర సెన్సారుది, 1790ల నుంచి అది పడనిదే బొమ్మ అంగట్లోకి రాకూడదు. ఒక ప్రభువు గోడకు వేలాడే చిత్రానికి ఈ తతంగం దేనికి? జనం చేతుల్లో పడేదంటేనే సర్కారుకు బెంగ. పాత పాలకుడు హిదెయోషిని బొమ్మల్లోకెక్కించినందుకు 1804లో చిత్రకారుడు ఉతమారో చేతులకు 50 రోజులు సంకెళ్లు వేశారు. 1842లోనైతే నటుల బొమ్మల్నీ వేశ్యల బొమ్మల్నీ ఏకంగా నిషేధించారు. అప్పట్లో ఒక బొమ్మ ధర ఇంచుమించు ఒక గిన్నెడు సోబా నూడుల్స్ ధరే. చిత్రకారుడు గీసిస్తే, చెక్కేవాడు చెర్రీ పలకల మీద రంగురంగుకీ అచ్చు తీసేవాడు. అద్దేవాడు అచ్చు మీది గీట్లకు కాగితం ఆనించి, వెనక నుంచి బారెన్ అనే గుండ్రటి బిళ్లతో రుద్దేవాడు. పెట్టుబడి ప్రచురణకర్తది, ఏది గీయాలన్న మాటా చాలావరకు అతనిదే. హొకుసాయ్ ‘ఫుజి ముప్పై ఆరు దృశ్యాలు’ బాగా అమ్ముడయ్యాయని ఇంకో పది కలిపి 46 చేశారు. పేరు మార్చే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది!

అయితే బహువర్ణ ముద్రణ మొదలైందే డబ్బున్న రసికుల కోసం కదా అనవచ్చు. నిజమే. 1765లో కవితాగోష్ఠుల షోకిళ్లు, ఏ నెల పెద్దదో ఏది చిన్నదో బొమ్మలో దాచిన క్యాలెండర్లు చిత్రకారుడు హరునోబు చేత వేయించి పంచుకున్నారు. కానీ ప్రచురణకర్తలు వెంటనే అవే అచ్చుల్లోంచి నెలల గుర్తులు, వేయించినవారి పేర్లు తీసేసి మామూలు బొమ్మలుగా అమ్మేశారు. గోష్ఠిలో పుట్టిన సరుకు బజారుకెక్కడానికి ఎన్నాళ్లో పట్టలేదు.

ఇవన్నీ జనం కొనుక్కున్న సరుకేనన్న ఈ వాదానికి నెట్సుకేల దగ్గర గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. కిమోనోకు జేబుల్లేవు. పొగాకు తిత్తినీ మందుల పెట్టెనూ తాడుతో నడికట్టుకు వేలాడదీసి, జారకుండా తాడు పైకొసన కట్టే బొమ్మే నెట్సుకే. దంతంతో నగిషీగా చెక్కినదాన్ని కూలివాడు కొనలేడు, అంతవరకూ ఒప్పుకోవాలి. కానీ కొయ్యతో చేసినవీ ఎన్నో ఉన్నాయి. పైగా చౌకదనం ఒక్కటే గీటురాయి కాదు. జెన్ గురువు దరుమా, దయ్యాలు, నక్కలు, ఎలుకలు: అచ్చు బొమ్మల్లో కనిపించేవే ఇక్కడా. గుడో కోటో పురమాయించినవి కావివి, కొనేవాడి సరదా కొద్దీ వచ్చినవి. ఒసాకాలో 1781లో అచ్చయిన ఒక పుస్తకం యాభై మందికి పైగా నెట్సుకే శిల్పుల పేర్లు చెబుతోంది. ఎవరి పనితనం ఏదో ఎంచి కొనేవాళ్లుంటే తప్ప అలాంటి జాబితా అచ్చుకెక్కదు.

ఎదో తర్వాతి మెయిజీ కాలంలో కోటు జేబులూ సిగరెట్లూ వచ్చి తిత్తి మూలపడింది. శిల్పులు విదేశీ కొనుగోలుదారుల కోసం చెక్కారు. టోక్యో మ్యూజియానికి చేరిన తకమదో యువరాజు సేకరణలో నెట్సుకేలు ఎక్కువగా ఆధునికులవే. కట్టేందుకు తిత్తి లేకపోయినా, తాడు కన్నాలు లేనిదాన్ని ఆ వృత్తివాళ్లు నెట్సుకేగా లెక్కకట్టరు.