రెండంగుళాల ఎత్తు

మారుతి జిప్సీ చేతికొచ్చిన ప్రతివాళ్లకూ మొదట పుట్టే కోరిక దాన్ని ఇంకాస్త ఎత్తు చేయాలని. 1985లో రోడ్డెక్కిన బండి అది. కొత్తవి రావడం ఆగిపోయి ఏళ్లయినా, సైన్యం వేలంలో కొన్నవీ, చేతులు మారినవీ కొండదారుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి మీద నాకున్న ఇష్టానికి కారణం ఒక్కటే: ఈ బండిలో దాపరికం లేదు. ముందూ వెనకా రెండు గట్టి ఇరుసులు, నాలుగు మూలలా నాలుగు కమాన్ కట్టలు, వాటి పక్కన షాకబ్జర్లు. కిందికి వంగి చూస్తే ఏది ఏం చేస్తోందో కళ్లకు కనిపిస్తుంది. అందుకే దాని ఎత్తు మార్చేటప్పుడు ఏది ఎందుకు మారుతోందో తెలుసుకుని మార్చాలంటాను.

అసలు లిఫ్ట్ చేస్తే లేచేదేమిటి? ఛాసిస్, దాని మీదున్న బాడీ. ఇరుసు లేవదు. కమాన్ కట్ట ఉండేది ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్యన కాబట్టి, కట్టను ఎంత వంచినా ఇరుసులో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ నేలకు ఎంత దూరంలో ఉందో అంత దూరంలోనే ఉంటుంది. వాగులో రాయి ముందుగా తగిలేది దానికే. దాన్ని లేపగలిగింది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. అయితే లిఫ్ట్ వృథానా అంటే, కాదు. పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది. గట్టు దాటేటప్పుడు బండి పొట్ట ఆనకుండా ఉంటుంది. మారేడుమిల్లి పైన గూడేలకు వెళ్లే మట్టిదారుల్లాంటివి వానాకాలంలో గండ్లు పడి కోసుకుపోయినప్పుడు ఆ రెండంగుళాలు నిజంగానే ఆదుకుంటాయి. కానీ అలాంటి చోట బండిని ముందుకు లాగేది ఎత్తు కాదు, నేలను వదలని చక్రం. ఒక చక్రం గుంతలోకి దిగుతుంటే దాన్ని ఇరుసు ఎంత కిందికి దిగనిస్తుందన్నదే నాకు ముఖ్యం. గాల్లో తేలిన చక్రం ఊరికే తిరుగుతుంది.

చవకగా ఎత్తు పెంచే దారి పొడుగు షాకిళ్లు. కట్ట ఒక కొసను ఛాసిస్‌కు వేలాడదీసే జంట పట్టీలవి. రెండంగుళాలు పొడుగైనవి వేస్తే దక్కేది ఇంచుమించు ఒక అంగుళం, ఎందుకంటే కట్ట రెండో కొస కదలదు. జిప్సీ ముందు కట్టలకు షాకిల్ బంపరు వైపునే ఉంటుంది. అక్కడ పొడుగు చేస్తే కట్ట ముక్కు కిందికి దిగి, దానితో పాటు ఇరుసూ కొంచెం తిరుగుతుంది. చక్రాలు పక్కకు తిరిగే కింగ్‌పిన్ గీత పైభాగం వెనక్కి వాలి ఉండాలి. ఆ వాలే క్యాస్టర్. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను తిన్నగా రావడం దాని చలవే. వాలు తగ్గిందా, హైవే మీద బండి దారి వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ పోతుంది. కట్టకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు పట్టీ పెట్టి ఆ కోణాన్ని తిరిగి తేవాలి. షాకిల్ పొడుగైన కొద్దీ పక్కకు ఊగడమూ పెరుగుతుంది. అందుకే షాకిళ్ల మీద ఆధారపడిన ఎత్తును నేను ఒప్పుకోను.

వంపు ఎక్కువున్న కొత్త కమాన్ కట్టలు వేయడం దానికంటే మేలు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాన్లు సరిచేసే షెడ్లున్నాయి. అక్కడి పనివాళ్లు జారిన రేకుల్ని సుత్తితో కొట్టి వంపు తేవడం చూస్తే ఆ పనితనానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అయితే చల్లగా కొట్టిన వంపు మళ్లీ దిగిపోతుంది. కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తగిన వేడికి తెచ్చిన రేకే వంపును నిలుపుకుంటుంది. ఇంకో మాట. మెత్తగా ఉంటుందని కట్టలోంచి ఒక రేకు తీసేయించేవాళ్లున్నారు. కమాన్ కట్ట స్ప్రింగు మాత్రమే కాదు, ఇరుసు ముందుకూ వెనక్కూ పోకుండా పట్టి ఉంచేదీ అదే. బ్రేకు తొక్కినప్పుడు ఆ బలమంతా మోసేదీ అదే. తీసేసే ముందు అది గుర్తుండాలి.

నా మటుకు అసలు డబ్బు పెట్టాల్సింది షాకబ్జర్ల మీద. కంపెనీ షాకబ్జర్‌ను అలాగే ఉంచి కట్టలు మాత్రం ఎత్తు చేస్తే, మామూలుగా నిలబడ్డప్పుడే అది సగానికి పైగా సాగి ఉంటుంది. చక్రం గుంతలోకి దిగబోతే లాగి ఆపేస్తుంది. ఎత్తు పెరిగి, దిగుడు తగ్గిందన్నమాట. కొనే ముందు కొలవాలి. చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడనిచ్చి షాకబ్జర్ రెండు కళ్ల మధ్య దూరం ఒకసారి, ఇరుసు రబ్బరు బంప్ స్టాప్‌కు ఆనేదాకా పైకి నొక్కి ఇంకోసారి. సాగినప్పుడు మొదటి కొలత కంటే పొడుగు, మూసుకున్నప్పుడు రెండో కొలత కంటే పొట్టి ఉన్నది కావాలి. బంప్ స్టాప్ కంటే ముందు షాకబ్జరే అడుగంటితే అది పగులుతుంది, లేదా దాని బ్రాకెట్ ఊడుతుంది.

లోపల జరిగేది చూస్తే ముచ్చటేస్తుంది. నూనెలో పిస్టను కదులుతుంటే సన్నని కంతల గుండా నూనె దూరుతుంది, కట్ట ఊపు వేడిగా మారి ఆగుతుంది. గతుకుల దారిలో గంటసేపు పరిగెత్తితే ఆ నూనె కాగి నురగ కడుతుంది. నురగకు బలం లేదు, బండి పడవలా ఊగుతుంది. నైట్రోజన్ వాయువు ఒత్తిడితో నింపిన షాకబ్జర్లు ఈ నురగను అదుపు చేయడానికే. కట్టలు గట్టివైతే అవి తిరిగి విచ్చుకునే జోరును పట్టే శక్తీ షాకబ్జర్‌కు ఎక్కువుండాలి. అందుకే కట్టలూ షాకబ్జర్లూ ఒకదానికొకటి కుదిరే జతగా తీసుకోవడం మంచిది.

ఆపైన చూడాల్సినవి చూడాలి: బ్రేకు గొట్టాలు పూర్తి దిగుడులో బిగుసుకుపోకూడదు, స్టీరింగు కదలికను చక్రాలకు చేర్చే డ్రాగ్ లింకు మరీ ఏటవాలు కాకూడదు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు కొత్త కోణంలో కొట్టుకోకూడదు. ఇరుసు కిందున్న కట్టల్ని దాని పైకి మార్చే పద్ధతీ ఉంది, అయిదంగుళాల దాకా లేస్తుంది. అది నాకు నచ్చదు. జిప్సీ సన్నటి బండి. 1993లో కంపెనీయే దాని చక్రాల మధ్య వెడల్పు 90 మిల్లీమీటర్లు పెంచింది. ఆ సంపాదించుకున్న నిలకడను ఎత్తుకోసం పోగొట్టుకోవడం ఎందుకు? పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దులు పెట్టింది. ఏది చేయించినా ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం అవసరం.

కట్టల కొసల్లో పాత రబ్బరు బుష్షులుంటే అవి ముందుగా మార్చాలి. వాటి బోల్టుల్ని బండి జాకీ మీదుండగా బిగించకూడదు, చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. కొత్త కట్టలు కొంత తిరుగుడు తర్వాత కుదురుకుంటాయి కాబట్టి వాటిని ఇరుసుకు పట్టి ఉంచే యు బోల్టులు మళ్లీ బిగించాలి. అప్పుడే హెడ్‌లైట్ల కోణమూ సరిచేయించాలి. ముక్కు లేచిన బండి వెలుగు ఘాటురోడ్డు మీద ఎదురొచ్చే మోటారుసైకిలాయన కళ్లలో పడుతుంది.