మగవేషం కట్టిన ఎల్లమ్మ

1974లో అమెరికాలో అచ్చయిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో ఒక్కొక్కరు యోధుడో మాంత్రికుడో దొంగో అయి, మాటలతోనే కథ నడుపుతారు. మా అమ్మాయి యోధుడి పాత్ర ఎంచుకుని, దాన్ని బోధన్‌లో చెరకు కొట్టే ముసలమ్మను చేసింది. ‘గిదేం యోధుడు?’ అన్నారట మగపిల్లలు.

నాకు చిందుల ఎల్లమ్మ మెదిలింది. బోధన్ దగ్గరి అమ్దాపూర్ ఆమెది. 2005లో చనిపోయింది. చిందు యక్షగానంలో ఆడవేషాలే కాదు, మగవేషాలూ కట్టింది. చిందువాళ్ళు ఆడే జాంబపురాణంలో మాదిగల మూలపురుషుడు జాంబవుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు. పాత్రలు పాతవే, మాటలూ పాతవే. కానీ వెలివాడ ఆడమనిషి మగవేషం కట్టి ఊరి నడుమ గొంతెత్తితే ఆ మాటలు వేరుగా వినిపించవూ? వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషాన్ని గొప్ప కళగా తలుచుకుంటాం, తలుచుకోవాల్సిందే. ఎల్లమ్మ మగవేషం గురించి మనం ఎన్ని పేజీలు రాసుకున్నాం?