కూచోడానికి కాస్త గుడ్డ

టైలరు దగ్గర ప్యాంటు కుట్టించుకునే మగవాళ్ళకి ఎదురయ్యే ప్రశ్నలు నాలుగైదుకి మించవు. జేబులు క్రాసా, స్ట్రెయిటా? కింద మడత కావాలా, వద్దా? బాటం ఎంత పెట్టమంటారు? ముందు ప్లీట్లు పెట్టాలా, ప్లెయిన్‌గా వదిలెయ్యాలా? మొదటి మూడింటికీ ఇష్టాన్ని బట్టి జవాబు చెప్పొచ్చు. నాలుగోదానికి మాత్రం ఒంటిని బట్టి చెప్పాలి. కానీ చాలామందిమి దానికీ ఇష్టాన్ని బట్టే చెప్తాం. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ ఏడాది చుట్టూ ఉన్నవాళ్ళు ఏం తొడుక్కుంటున్నారో చూసి చెప్తాం. ఇంత చిన్న ప్రశ్న మీద ఒక వ్యాసం అవసరమా అని అడగొచ్చు. మా ఇంట్లో గత రెండేళ్ళుగా ఇది చిన్న ప్రశ్నగా లేదు. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు అసలు ప్లీటు ఏం చేస్తుందో చూద్దాం. ప్యాంటు ముందు ముక్కని నడుం దగ్గర అవసరమైనదాని కన్నా వెడల్పుగా కత్తిరిస్తారు. ఎక్కువైన గుడ్డని మడిచి నడుం పట్టీలో కలిపి కుట్టేస్తారు. ఒక్కో మడత అంగుళం, అంగుళంపావు గుడ్డని మింగుతుంది. మడత పైన బిగిసి ఉంటుంది, కిందికొచ్చేకొద్దీ వదులవుతుంది. నిలబడినప్పుడు ఆ గుడ్డ ఉన్నట్టే తెలీదు. కూచున్నప్పుడు తుంటి దగ్గర ఒళ్ళు వెడల్పవుతుంది, తొడలు పరుచుకుంటాయి. అప్పుడు మడత విచ్చుకుని చోటిస్తుంది, లేవగానే మూసుకుంటుంది. మడతని జిప్పు వైపు తిప్పి కుట్టే పద్ధతి ఒకటి, జేబుల వైపు తిప్పి కుట్టే పద్ధతి ఇంకొకటి. మొదటిది పొట్ట మీద చదునుగా పడుంటుంది. రెడీమేడ్‌లో ఎక్కువగా కనిపించేది రెండోది. ఎటు తిప్పినా, మంచి టైలరైతే పెద్ద మడత నేరుగా ఇస్త్రీ గీతలోకి దిగేలా చూస్తాడు.

ఫ్లాట్ ఫ్రంట్‌లో ఈ మడత ఉండదు. కానీ నడుం కొలతకీ సీటు కొలతకీ మధ్య తేడా అందరికీ ఉంటుంది కదా. దాన్ని ఎక్కడో ఒకచోట సర్దాలి. వెనక డార్టుల్లో కొంత, పక్క కుట్టుల్లో కొంత సర్దుతారు. తేడా తక్కువున్న ఒళ్ళయితే చక్కగా సరిపోతుంది, గీత గీసినట్టు ఉంటుంది. తేడా ఎక్కువైతే పక్క జేబులు ఏనుగు చెవుల్లా తెరుచుకుంటాయి. జేబులో ఏమీ లేకపోయినా ఏదో ఉన్నట్టు ఉబ్బుతుంది. ఆఫీసు లిఫ్టులో నిలబడి ఎదుటివాళ్ళ జేబులు చూస్తే ఎవరికి ఏ ప్యాంటు నప్పుతుందో అరనిమిషంలో తెలిసిపోతుంది. నాకీ అలవాటు ఈమధ్యే అయింది.

ప్యాంటు ప్లీటుకి తెలుగులో మాట లేదు. చీరకీ పంచెకీ మాత్రం ఎప్పట్నుంచో ఉంది: కుచ్చిళ్ళు. చరిత్రలో వీటికి చుట్టరికం ఏమీ లేదు గానీ, చేసే పని ఒక్కటే. మా అమ్మ తన పెళ్ళినాటి పట్టుచీర ఇప్పటికీ కడుతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ చీరలో మారింది ఒక్కటే: అప్పుడు ఎనిమిది కుచ్చిళ్ళు వచ్చేవట, ఇప్పుడు ఐదొస్తాయి. అదే చీర మీద జాకెట్టుకి ఆ అదృష్టం లేదు. పక్క కుట్లు రెండుసార్లు విప్పారు. పాత కుట్టు ఉన్నచోట సన్నటి గీతలు ఇంకా కనిపిస్తాయి. మూడోసారి విప్పడానికి లోపల గుడ్డ మిగల్లేదు. కుట్టని బట్ట ఒంటితోపాటు సర్దుకుంటుంది. కుట్టిన బట్టకి మాత్రం ఒక ఫలానా రోజున ఒళ్ళెంత ఉందో అదే గుర్తు. ప్లీటు ఈ రెండింటి మధ్య రాజీలాంటిది. కుట్టిన బట్టలో కొంచెం కుట్టని బట్టని దాచిపెట్టడం.

ఆ దాచిన గుడ్డ ఒకప్పుడు రాజకీయం కూడా అయింది. 1942లో అమెరికాలో వార్ ప్రొడక్షన్ బోర్డు ఉన్ని ఆదా చెయ్యడానికి మగవాళ్ళ ప్యాంట్లకి ప్లీట్లూ, కింద మడతలూ వద్దంది. బ్రిటన్‌లోనూ అదే ఏడాది కింద మడతలు నిషేధించారు. అదే కాలంలో లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళు జూట్ సూట్లు వేసేవారు. మోకాళ్ళ దాకా దిగే కోటు, నడుం దగ్గర లోతైన ప్లీట్లు, మోకాలి దగ్గర బాగా వదులు, చీలమండ దగ్గర బిగుతు. 1943 జూన్‌లో నావికులూ సైనికులూ గుంపులుగా వీధుల్లోకొచ్చి ఆ కుర్రాళ్ళని పట్టుకుని కొట్టారు, ఒంటి మీది సూట్లు ఊడదీశారు. జాతి ద్వేషానికి బట్ట ఒక సాకు అయింది. దేశం గుడ్డ పొదుపు చేస్తుంటే వీళ్ళు ఇంత గుడ్డ కడతారా అన్నది పైకి చెప్పిన మాట. ఎవరి ఒంటికి ఎంత చోటు ఉండొచ్చన్నది లోపలి మాట.

యుద్ధం తర్వాత మడత మళ్ళీ వచ్చింది. యాభైల్లో అమెరికా కాలేజీ కుర్రాళ్ళు దాన్ని తీసేశారు. 1980లో 'అమెరికన్ జిగొలో' సినిమాలో రిచర్డ్ గేర్‌కి జార్జో అర్మానీ బట్టలు కుట్టాడు. ఆ దశాబ్దమంతా వదులు ప్యాంటుదే. 1986లో లీవైస్ కంపెనీ డాకర్స్ మొదలుపెట్టాక ప్లీట్ల ఖాకీ ప్యాంటు ఆఫీసుకీ వచ్చింది. రెండువేల తర్వాత డియోర్ హోమ్‌లో ఎడీ స్లిమాన్ పుల్లలాంటి మగవాడి కోసం ప్యాంట్లు తయారుచేశాడు. మడత మళ్ళీ పోయింది. మన దగ్గర కూడా ఇంచుమించు ఇదే వరస. డెబ్భైల్లో తొడల దగ్గర పట్టేసి కింద గంటలా విచ్చుకునే బెల్ బాటమ్. తొంభైల్లో ఏ తెలుగు సినిమా పాట పెట్టి చూసినా బొడ్డు మీదికి కట్టిన ప్లీట్ల ప్యాంటు, అందులోకి దోపిన వదులు చొక్కా. మేం ఇంజనీరింగ్‌లో చేరేసరికి లో వెయిస్టు. ఇప్పుడు కాలేజీ పిల్లలు కొరియన్ ప్యాంటు పేరుతో మళ్ళీ ప్లీట్లే కొంటున్నారు.

మధ్యలో ప్లీట్లని 'అంకుల్ ప్యాంటు' అన్నాం. ఆ ఎగతాళికి ఒక సాంకేతిక కారణం ఉంది. ప్లీటు అసలైన నడుం నుంచి, అంటే బొడ్డు దగ్గర్నుంచి వేలాడాలి. నడుం పట్టీ నుంచి కాళ్ళ మధ్య కుట్టు దాకా ఉండే పొడవు, అదే రైజు, ఎక్కువుండాలి. తొంభైలు దాటాక రైజు తగ్గిపోయింది, మడతలు మాత్రం ఉండిపోయాయి. పొట్ట కిందికి బెల్టు కట్టి, దాని కింద ప్లీట్లు పెడితే అవి నిలబడినప్పుడు కూడా నోరు తెరుచుకునే ఉంటాయి. గాలి నింపినట్టు కనిపిస్తుంది. తప్పు మడతది అనుకున్నాం గానీ, పోయింది రైజు.

ఇంకో కారణం లైక్రా. 1958లో డ్యూపాంట్‌లో జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన సాగే దారం ఇప్పుడు మనం కొనే చాలా చినోస్‌లో రెండు మూడు శాతం ఉంటుంది. కూచుంటే సాగుతుంది, లేస్తే వెనక్కొస్తుంది. ప్లీటు జ్యామితితో చేసిన పనిని లైక్రా రసాయనంతో చేస్తుంది. ఇంజనీరుగా నాకు రెండూ ఇష్టమే. తేడా ఏంటంటే, సాగే దారం ఒంటిని పట్టుకునే ఉంటుంది. చోటిస్తున్నప్పుడు కూడా నొక్కుతూనే ఇస్తుంది. పైగా ఎన్నో ఉతుకుల తర్వాత అలిసిపోతుంది, మోకాళ్ళ దగ్గర సంచుల్లా వేలాడుతుంది. మడతకి అలసట లేదు. ఇస్త్రీ చేస్తే మొదటికొస్తుంది.

ఇక మా ఇంటి సంగతి. మా నాన్నగారు తణుకు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్ళ క్రితం కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయి. అప్పట్నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగు గంటలు ఒకే కుర్చీలో వెనక్కి వాలి కూచోవాలి. ఒక డయాలసిస్‌కీ ఇంకోదానికీ మధ్య ఒంట్లో రెండు కిలోల నీరు చేరుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే సోమవారం పొద్దున్న ఉన్న నడుం సోమవారం సాయంత్రం ఉండదు. ఆయన పాత ప్యాంట్లు వెళ్ళేటప్పుడు కోసుకుపోయేవి, వచ్చేటప్పుడు బెల్టు మీద వేలాడేవి.

ట్రాక్ ప్యాంట్లు కొందాం నాన్నా అన్నాను. అక్కడ చాలామంది అవే వేసుకొస్తారు.

"అవి వేసుకుని పదిమందిలోకి వెళ్తే పేషెంటులా ఉంటుంది రా" అన్నారు.

మీరు పేషెంటే కదా అని ఎవరూ అనలేదు. ముప్ఫై మూడేళ్ళు ఇస్త్రీ ప్యాంటులో చొక్కా దోపుకుని బోర్డు ముందు నిలబడిన మనిషి. మంచం మీదికి ఇంకా వెళ్ళలేదని ఆయనకి చెప్పేది ఆ ఇస్త్రీ గీతే.

హైదరాబాదులో ఒక మాల్‌కి తీసుకెళ్ళాను. ఫార్మల్స్ సెక్షన్‌లో ఉన్నవన్నీ ఫ్లాట్ ఫ్రంటే, స్లిమ్, అల్ట్రా స్లిమ్. ప్లీట్లు ఉన్నాయా అంటే అక్కడి కుర్రాడు మర్యాదగానే, "అంకుల్, అవి కింద యూత్ సెక్షన్‌లో ఉన్నాయి, బ్యాగీవి" అన్నాడు. ట్రయల్ రూములో నిలువెత్తు అద్దం ఉంది. కూచోడానికి స్టూలు లేదు. నాన్నగారు నిలబడలేక గోడకి ఆనుకుని ప్యాంటు మార్చుకున్నారు. అద్దంలో బాగానే ఉంది. నిలబడిన మనిషికి ఏ ప్యాంటైనా బాగానే ఉంటుంది.

చివరికి తణుకులో ఆయనకి పాతికేళ్ళుగా కుట్టిన టైలరు దగ్గరికే వెళ్ళాం. కొట్టు ఇప్పుడు సగమైంది. ఎక్కువ పని ఆల్టరేషన్లే, రెడీమేడ్ ప్యాంట్లకి కింద కత్తిరించి కుట్టడం. ఆయన పాత పుస్తకం తీసి నాన్నగారి కొలతలు ఉన్న పేజీ చూశాడు. టేపు తీసి మళ్ళీ కొలిచాడు. తర్వాత కుర్చీ లాగి, "కూచోండి మాస్టారూ" అని కూచున్నాక ఇంకోసారి కొలిచాడు. రెండంకెలూ పక్కపక్కనే రాసుకున్నాడు.

"డయాలసిస్‌కి ముందు రోజు ఒకసారి రండి. అప్పుడు కూడా కొలుస్తాను" అన్నాడు.

అలా మూడో అంకె కూడా చేరింది. ఆ మూడింటినీ కలిపి నాలుగు ప్యాంట్లు కుట్టాడు. కాలుకి రెండేసి ప్లీట్లు, జిప్పు వైపు తిరిగినవి. రైజు బొడ్డు దాకా. నడుం పట్టీకి పక్కల్లో, బెల్టు కింద కనపడకుండా, కొంచెం ఎలాస్టిక్. వెనక మధ్య కుట్టులో ఒకటిన్నర అంగుళాల గుడ్డ వదిలాడు. చిన్నప్పుడు స్కూలు యూనిఫారం కుట్టించేటప్పుడు అమ్మ ఇదే టైలరుతో, "ఎదిగే పిల్లాడు, లోపల గుడ్డ వదులు బాబూ" అనేది. పెద్దవాళ్ళకి కూడా వదలాలని అనేవాళ్ళు ఉండరు. ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కాబట్టి ఏది ఎంచుకోవాలి? నడుంకీ సీటుకీ తేడా తక్కువుండి, తొడలు సన్నగా ఉండి, ఎక్కువసేపు నిలబడి, నడిచి పనిచేసేవాళ్ళకి ఫ్లాట్ ఫ్రంట్ శుభ్రంగా ఉంటుంది. దాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు. జేబులు తెరుచుకుంటుంటే, కూచోగానే తొడల మీద అడ్డంగా గీతలు పడుతుంటే, ఒక ప్లీటు పెట్టించుకోండి. రైజు పెంచమనండి. నిలబడినప్పుడు ప్లీటు తెరుచుకుని ఉందంటే ప్లీటుని తిట్టకండి, ఆ ప్యాంటు మీకు చిన్నదని అర్థం. నేను రోజుకి తొమ్మిదిగంటలు స్క్రీన్ ముందు కూచునేవాణ్ణి. ముప్ఫైఆరేళ్ళు వచ్చాయి. నడుం ముప్ఫైరెండు నుంచి ముప్ఫైఐదుకి వచ్చింది, అక్కడ ఆగుతుందన్న హామీ ఏమీ లేదు. నేనూ ఒకే ప్లీటుతో రెండు కుట్టించుకున్నాను.

నా కొలతలు అదే పుస్తకంలో నాన్నగారి పేజీకి ఎదురు పేజీలో ఉన్నాయి. నిలబడినప్పుడు ఒకటి, కూచున్నప్పుడు ఒకటి. మూడో అంకెకి టైలరు ఖాళీ వదిలేశాడు.