మూడు కర్రలు, ఒక చైన్ పుల్లీ, పాత గొడ్డలి కామ

కొంచెం పెద్ద పోస్టు ఇది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న ఒక తమ్ముడు అడిగాడు, "ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు వచ్చింది, చేరాలా వద్దా? డిగ్రీలో చేరినవాళ్లు నవ్వుతున్నారు" అని. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేక, 2023 ఎండాకాలంలో మా ఇంటి ముందు జరిగింది రాస్తున్నాం. మేము అంటే ముగ్గురం. ఇద్దరు అన్నదమ్ములం, ఒక మేనబావ. ఒకరు అప్పుడు ఐటీఐ రెండో సంవత్సరం, ఇద్దరు భద్రాచలంలో డిగ్రీ. ఊరు దుమ్ముగూడెం మండలంలో అడవి అంచున.

మా బాబాయి ఆశ్రమ పాఠశాలలో టీచర్. ఆయన దగ్గర 1998 మోడల్ మారుతీ 800 ఉండేది, ఏపీ 20 నంబరుది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పేరుకే బాబాయి కారు, ఊరందరికీ అవసరానికి అదే. రాత్రిపూట ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా ఆ తలుపే తట్టేవాళ్లు.

ఆ కారును పాడుచేసింది మేమే. 2022 జులై. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది మీకందరికీ గుర్తే. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద అదే. దానికి వారం ముందు నుంచే మా వాగులన్నీ పొంగుతున్నాయి. తాతకు చలిజ్వరం, ఒళ్లు కాలిపోతోంది. బాబాయి ఊళ్లో లేడు. ఫోన్‌లో ఒకటే చెప్పాడు: "చప్టా మీద నీళ్లుంటే బండి దింపొద్దు. దిగి చూడండి."

మేము దిగలేదు. మోకాళ్ల లోతే కదా అనుకుని స్పీడుగా పోనిచ్చాం. చప్టా మధ్యలో లోపల ఏదో విరిగినట్టు ఠక్కుమంది. బండి ఆగిపోయింది. నీళ్లలోనే తోసి అవతలి ఒడ్డుకు చేర్చాం. దగ్గరి ఇంట్లో మంచం అడిగి, దాని మీద తాతను పడుకోబెట్టి రెండు కిలోమీటర్లు మోసుకెళ్లి ఆటో పట్టుకున్నాం. మలేరియా అన్నారు. మందులు పడ్డాక తాత కోలుకున్నాడు. కారు కోలుకోలేదు.

ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. ఇంజిన్ గాలి పీల్చుకునే చోట నీళ్లు పీల్చింది. గాలిని నొక్కితే దగ్గరవుతుంది, నీళ్లు దగ్గరవ్వవు. పైకి లేస్తున్న పిస్టన్‌కు నీళ్లు అడ్డుపడితే, పిస్టన్‌ను తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆయిల్ తీసి చూస్తే పాలు పోసిన టీ లాగా ఉంది. ప్లగ్గులు విప్పి, నీళ్లు కక్కించి, ఆరబెట్టి స్టార్ట్ చేస్తే టకటకమని ఒకటే చప్పుడు. టౌన్‌లో మెకానిక్ చూసి, "ఒక రాడ్ వంగింది, సిలిండర్ గోడ గీసుకుపోయింది. బాగుచేయడం కంటే ఇంజిన్ మార్చడమే నయం" అన్నాడు. ఇంజిన్‌కు, కూలికి కలిపి ఆయన చెప్పిన లెక్క దాదాపు కారు ఖరీదంత ఉంది.

బాబాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. కారు పది నెలలు చింతచెట్టు కింద ఉంది. టైర్లలో గాలి పోయింది, సీట్ల కింద కోళ్లు గుడ్లు పెట్టాయి. ఇంకో గండం కూడా ఉంది. సొంత బండికి మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. 2013లో ఒకసారి, 2018లో ఒకసారి అయింది. 2023 నవంబరు లోపల బండి నడిచి వెళ్లి ఆఫీసు ముందు నిలబడకపోతే ఇక పాత ఇనుమే.

2023 మే నెలలో తునికాకు సీజన్ పడింది. ముగ్గురం, ఇంట్లో ఆడవాళ్లతో సహా, తెల్లవారుజామునే అడవికి పోయి ఆకు కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి కల్లానికి చేర్చాం. ఆ డబ్బు, బాబాయి ఇచ్చిన కొంత పట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. అక్కడ దొరకని ఇంజిన్ లేదు. ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ చూపించారు గానీ దాని వైరింగ్, కంప్యూటర్ వేరు. మాది కార్బురేటర్ బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు, అదే రకం కావాలి.

ఒక షాపులో మాకు కావాల్సిన రకమే, చాలా చవకగా దొరికింది. తిప్పి చూస్తే నంబరు ఉండాల్సిన చోట గ్రైండర్‌తో గీకేసి ఉంది. "ఎవడు చూస్తాడయ్యా, అడవిలో తిరిగే బండికి" అన్నాడు షాపతను. చేతిలో డబ్బు తక్కువ. మాలో ఇద్దరం తీసుకుందామనే అన్నాం. ఐటీఐ చదివేవాడే ఒప్పుకోలేదు. "అడవిలో తిరిగే బండినే చూస్తారు" అన్నాడు. నిజమే. భద్రాచలం దాటగానే ఎటపాక, అంటే ఆంధ్ర. కొంత దూరం పోతే మళ్లీ తెలంగాణ. 2014లో మండలాలు అటు కలిసినప్పటి నుంచి మన ఊరి దారిలోనే రెండు రాష్ట్రాలు. ఎన్నిచోట్ల ఆపుతారో, అడవి వైపు నుంచి వచ్చే కుర్రాళ్లను ఎన్ని ప్రశ్నలు అడుగుతారో మీకు చెప్పక్కర్లేదు. నంబరు గీకిన ఇంజిన్‌తో దొరికితే వేరేవాడికి ఫైన్‌తో పోవచ్చు, మనకు దాంతో పోదు. ఇంకో షాపులో ఆరు వేలు ఎక్కువ పెట్టి, నంబరు స్పష్టంగా ఉన్న ఇంజిన్ కొన్నాం. అది విప్పేసిన బండి ఆర్సీ కాపీ, ఇంజిన్ నంబరు రాసిన బిల్లు తీసుకున్నాం. ఆరు వేలు అప్పు చేశాం.

ఇక పని. మా దగ్గర ఉన్నవి: ఒక పానాల సెట్టు, ఒక సాకెట్ల డబ్బా, కటింగ్ ప్లేయరు, రెండు స్క్రూడ్రైవర్లు, సుత్తి, జాకీ. బోరు మోటార్లు పైకి తీసే ఆయన దగ్గర చైన్ పుల్లీ అడిగి తెచ్చుకున్నాం. దాన్ని చింతకొమ్మకు కడదామంటే తాత వద్దన్నాడు, కొమ్మ ఊగితే బరువు కూడా ఊగుతుందని. పాత ఇంటివి మూడు దూలాలు ఉంటే, వాటి తలలు కలిపి కట్టి మూడుకాళ్ల మీద నిలబెట్టాం.

మొదట బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాలి. ఇది మర్చిపోవద్దు. తర్వాత రేడియేటర్ నీళ్లు, ఆయిల్ దింపేశాం. బానెట్, రేడియేటర్, గాలి ఫిల్టర్, కార్బురేటర్, యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్, క్లచ్ కేబుల్, డైనమో, సెల్ఫ్ మోటారు, సైలెన్సర్ పైపు వరసగా తీశాం. పెట్రోల్ పైపు మూతికి బోల్టు బిగించి మూసేశాం. ప్రతి పని ముందు ఫోన్‌లో ఫొటో, ప్రతి వైరుకు ప్లాస్టర్ ముక్క మీద నంబరు. బోల్టులు మోదుగాకు దొప్పల్లో వేసి, ఏ దొప్ప దేనిదో కాగితం రాసి పెట్టాం. మధ్యాహ్నం అన్నం తింటుంటే కోడి వచ్చి రెండు దొప్పలు చెదరగొట్టింది. అరగంట మట్టిలో వెతుక్కున్నాం. అప్పటి నుంచి విప్పిన బోల్టును దాని రంధ్రంలోనే చేత్తో రెండు చుట్లు తిప్పి ఉంచాం. మీరు మొదటి నుంచే అలా చేయండి.

గేర్ బాక్స్ బండిలోనే ఉంచి, కింద చెక్క దిమ్మె పెట్టి, ఇంజిన్ ఒక్కటే పైకి లాగాం. తుప్పు పట్టిన ఒక బోల్టు దగ్గరే ఒక సాయంత్రం పోయింది. రాత్రంతా కిరసనాయిల్ గుడ్డ చుట్టి ఉంచితే తెల్లారి కదిలింది. వేలాడుతున్న ఇంజిన్ కిందికి చెయ్యి గానీ తల గానీ పెట్టకూడదని మాలో మేము ఒట్టు పెట్టుకున్నాం.

కొత్త ఇంజిన్ బయట ఉండగానే టైమింగ్ బెల్టు, వెనక ఆయిల్ సీలు, క్లచ్ ప్లేటు కొత్తవి వేశాం. తర్వాత వేయాలంటే మళ్లీ ఇంత పనీ చేయాలి. మూడో రోజు ఇంజిన్ దించాం. గేర్ బాక్స్‌కు రెండు వేళ్ల సందు ఉందనగా ఆగిపోయింది. ఊపాం, తోశాం, ఎత్తి దించాం. రాదు. ఊళ్లోవాళ్లంతా చుట్టూ చేరారు. ఒకాయన, "బోల్టులు ఎక్కించి అటొకటి ఇటొకటి బిగించండి, అదే గుంజుకుంటది" అన్నాడు. మాకూ ఆశ పుట్టింది. పానా పెట్టాం కూడా.

అప్పుడు మా ఐటీఐవాడు చెయ్యి పట్టుకున్నాడు. "బోల్టు పట్టి ఉంచడానికి, గుంజడానికి కాదని మా సారు చెప్పాడు. గుంజితే గేర్ బాక్స్ చెవి పగులుద్ది, లేదా క్లచ్ ప్లేటు పోద్ది." తప్పు ఎక్కడో కూడా వాడే చెప్పాడు. క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోలేదు. గేర్ బాక్స్ షాఫ్టు ఆ ప్లేటు రంధ్రంలోంచి పోయి, దాని వెనక ఇంకో చిన్న రంధ్రంలో దిగాలి. రెండూ ఒకే గీత మీద ఉండాలి. దానికి షెడ్లలో ఒక పనిముట్టు ఉంటుంది. మా దగ్గర లేదు. భద్రాచలం పోయి వెతకాలి.

తాత మంచం మీద కూర్చుని అంతా వింటున్నాడు. "లోపల ఏముందిరా?" అన్నాడు. చూపించాం. చిన్న రంధ్రంలో వేలు పెట్టి కొలిచాడు, పెద్దదాంట్లో రెండు వేళ్లు పెట్టాడు. "గొడ్డలికి కామ వేసినట్టే కదా. ముందు సన్నం, వెనక లావు" అన్నాడు. ఇంట్లోంచి పాత గొడ్డలి కామ తెప్పించి చెక్కడం మొదలుపెట్టాడు. చెక్కడం, పెట్టి చూడటం, మళ్లీ చెక్కడం. రెండు గంటలు పట్టింది. చివర కాస్త వదులుంటే ఇన్సులేషన్ టేపు చుట్టాం. ఇంజిన్ పైకి తీసి, క్లచ్ బోల్టులు వదులు చేసి, ఆ కర్ర దూర్చి, ప్లేటును మధ్యకు తెచ్చి బిగించాం. మళ్లీ దించి, ముందు పుల్లీని పానాతో కొంచెం కొంచెం తిప్పుతుంటే పళ్లు కలిసి సర్రున లోపలికి పోయింది. ఎవరూ బలం పెట్టలేదు.

నాలుగో రోజు అన్నీ బిగించి, ఆయిల్, నీళ్లు పోసి తాళం తిప్పాం. టిక్కుమంది, అంతే. షాపతను మోసం చేశాడని అప్పుడే తిట్లు మొదలుపెట్టాం. గంట తర్వాత చూస్తే, ఇంజిన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ వైరు మేమే బిగించలేదు. ఫొటోలో స్పష్టంగా ఉంది. ఆ షాపతనికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాం. వైరు బిగించి, ప్లగ్గుల వైర్లు తీసి ఆయిల్ లైటు ఆరేదాకా ఊరికే తిప్పి, అప్పుడు స్టార్ట్ చేశాం. మూడో తిప్పుకి అందుకుంది. బాబాయి బానెట్ దగ్గర నిలబడి చాలాసేపు చప్పుడు విన్నాడు. "ఆయిల్ కారుతుందేమో రేపు పొద్దున చూడండి" అని లోపలికి పోయాడు. మాకు ఆ మాట చాలు.

పని అక్కడితో అయిపోలేదు. ఇంజిన్ మారిస్తే 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి ఆర్సీలో రాయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తోంది. ముందే అడిగి మొదలుపెట్టడం ఇంకా మంచిది. బిల్లు, పాత బండి ఆర్సీ కాపీ పట్టుకుని రెండుసార్లు తిరిగాం. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశారు. అది బిల్లులో నంబరుతో కలిసింది. నవంబరులో రెన్యువల్ కూడా అయింది. గీకేసిన ఇంజిన్ కొని ఉంటే ఆ పెన్సిల్ కింద ఏం వచ్చేదో ఇప్పటికీ తలుచుకుంటాం.

తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇదే మా జవాబు. ఆ రోజు పానా పట్టిన చేతిని ఆపింది ఐటీఐ క్లాసులో విన్న ఒక్క మాట. ఆ తర్వాత దారి చూపింది ఏ క్లాసుకూ పోని తాత చెయ్యి. డిగ్రీవాళ్లం మేమిద్దరం ఆ పూట కర్ర పట్టుకుని నిలబడ్డాం. చేరు. నవ్వేవాళ్ల బండి కూడా ఒకరోజు చప్టా మీద ఆగుతుంది.

ఇప్పుడు వానాకాలంలో చప్టా ముందు ఆగి, దిగి, కర్రతో లోతు చూస్తాం. నీళ్లు ఎక్కువుంటే బండి ఇవతలే పెట్టి మనిషిని మోసుకుపోతాం. తాత చెక్కిన కర్ర మా ఇంట్లో చూరులో ఉంది. మారుతీ 800 క్లచ్ వేసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి తీసుకుపోండి. పని అయ్యాక తెచ్చి ఇవ్వండి.