లెక్క వ్రాయడం ఒక అమానతు

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయతు ఏది అని అడిగితే మా మదర్సా పిల్లలు క్షణం ఆలస్యం చేయరు. సూరా అల్ బఖరాలోని 282వ ఆయతు అని వెంటనే చెబుతారు. అది దేనిని గురించి అని అడిగితే మాత్రం తడబడతారు. నమాజును గురించో, స్వర్గనరకాలను గురించో అయి ఉంటుందని కొందరు ఊహిస్తారు. కాని అది అప్పును గురించిన ఆయతు. ఇంకా సరిగా చెప్పాలంటే లెక్క వ్రాయడాన్ని గురించిన ఆయతు. గడువు పెట్టుకొని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దానిని వ్రాసుకోవాలని, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, వ్రాయడం వచ్చినవాడు నిరాకరించరాదని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగుపడరాదని అల్లాహ్ అందులో విశ్వాసులను ఆదేశించాడు.

ఈ ఆయతును నేను ఏళ్ళ తరబడి బోధిస్తున్నాను. అయినా ఒక బాలుని విషయంలో దానిని మరచిపోయాను. ఆ పొరపాటును ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. పిల్లలు గల తల్లిదండ్రులకు, మక్తబులలో బోధించే నావంటి వారికి ఇది ఉపయోగపడుతుందని ఆశ.

ఇరవై మూడేళ్ళ క్రితం మా తునిలో ఫజర్ నమాజు తరువాత జరిగే మక్తబుకు తొమ్మిదో తరగతి బాలుడొకడు వచ్చేవాడు. ఒకనాడు పెద్ద పిల్లలకు వారసత్వ పంపకాన్ని గురించి చెబుతూ ఒక ప్రశ్న వేశాను. ఒక వ్యక్తి తల్లిని, భార్యను, ఒక కుమారుని విడిచి మరణించాడు. ఎవరి వాటా ఎంత? భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, మిగిలినది కుమారునికి అని సూత్రం చెప్పానో లేదో, వెనుక వరుసలో కూర్చున్న ఆ బాలుడు లేచి, "హజ్రత్, ఆస్తిని ఇరవై నాలుగు భాగాలు చేయాలి. భార్యకు మూడు, తల్లికి నాలుగు, కొడుక్కి పదిహేడు" అన్నాడు. సిరాజీ గ్రంథం చదివే రోజుల్లో ఈ లెక్క పట్టుబడడానికి నాకు ఒక వారం పట్టింది.

ఆ చురుకుదనం ఎక్కడి నుంచి వచ్చిందో తరువాత తెలిసింది. వేసవి వచ్చిందంటే తుని మామిడిపండ్ల వ్యాపారంతో కళకళలాడుతుంది. ఆ రెండు మూడు నెలలూ బాలుడు ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా పక్కన కూర్చొని చిట్టా వ్రాసేవాడు. ఏ రైతు సరుకు ఎంత తూగింది, కమీషను ఎంత, హమాలీ ఎంత, రైతు చేతికి రావలసినది ఎంత అనేది వాడి నోటికి వచ్చేసింది.

ఒక ఉదయం పాఠమయ్యాక నా దగ్గర నిలబడి, "హజ్రత్, మా కొట్టు లెక్కలు చూడడానికి ఒక ఆడిటరుగారు వస్తారు. నేను కూడా ఆ చదువు చదవవచ్చా?" అని అడిగాడు.

నేను ఆలోచించలేదు. వడ్డీ తినేవానిని, తినిపించేవానిని, దానిని వ్రాసేవానిని, దానికి సాక్షులుగా నిలిచేవారిని దైవప్రవక్త (స) శపించారని, వారంతా సమానులేనని చెప్పారని సహీహ్ ముస్లింలో ఉన్న హదీసును వినిపించాను. "ఆ వృత్తిలో వడ్డీ లెక్కలు వ్రాయక తప్పదు బేటా. వేరే దారి చూసుకో" అన్నాను. బాలుడు తల వంచుకొని, "జీ హజ్రత్" అని వెళ్ళిపోయాడు. ఇంటర్మీడియట్ మధ్యలోనే చదువు మానివేశాడని, కొన్నాళ్ళకు డ్రైవరు పని మీద కువైట్ వెళ్ళాడని విన్నాను.

నేను చెప్పిన హదీసు సత్యం. ముస్లిమైన ఏ అకౌంటెంటూ దానిని తేలికగా తీసుకోరాదు. కాని నేను ఆ బాలునికి సగమే చెప్పాను. శపించబడిన లేఖకుని గురించి చెప్పాను కాని, న్యాయంగా వ్రాయమని అల్లాహ్ ఆజ్ఞాపించిన లేఖకుని గురించి చెప్పలేదు. ఏది వ్రాయవచ్చునో, ఏది వ్రాయరాదో విడదీసి చెప్పవలసిన ఉస్తాదు పుస్తకాన్నే మూసివేశాడు.

ఆ సంగతి నాకు అర్థమైనది రెండేళ్ళ క్రితం. ఒక మస్జిదు పైకప్పు మరమ్మతుకు చందాలు వసూలు చేశారు. పని పూర్తయ్యాక లెక్క చూస్తే, పుస్తకం ప్రకారం ఉండవలసిన దానికంటే పెట్టెలో 3,600 రూపాయలు తక్కువగా ఉన్నాయి. డబ్బు భద్రపరచినవారు డెబ్బై ఏళ్ళ పెద్దాయన. ఎవరూ ఆయనను ముఖం మీద ఏమీ అనలేదు. కాని గుసగుసలు మొదలైనాయి. మొదటి వరుసలో నమాజు చేసే ఆయన క్రమంగా చివరి వరుసకు వెళ్ళారు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "మౌలానాగారూ, నేను తీయలేదు. అయినా ఆ మొత్తం నేనే కట్టేస్తాను, ఈ మాట ఇంతటితో పోతుంది" అన్నారు. కడితే మాట పోదని, నేరం ఒప్పుకున్నట్లే అవుతుందని నాకు తెలుసు. అయినా ఆయనకు ఏమని చెప్పాలో తోచలేదు.

అప్పుడు సెలవు మీద కువైట్ నుంచి వచ్చి ఉన్న ఆ నాటి బాలుడు ఈ సంగతి విని, ఇషా నమాజు తరువాత పుస్తకము, రసీదులు తెప్పించాడు. తేడా ఎంత అని అడిగి, 3,600ను తొమ్మిదితో భాగించాడు. "శేషం లేదు హజ్రత్. ఇలా నిశ్శేషంగా పోతే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. కొట్టులో గుమాస్తాగారు నేర్పిన కిటుకు ఇది" అన్నాడు. ఇద్దరం రసీదులు ఒక్కొక్కటే పుస్తకంతో సరిచూశాము. అర్ధరాత్రి దాటాక దొరికింది. 4,860 రూపాయల రసీదును పుస్తకంలోకి ఎక్కించిన వారు 8,460 అని వ్రాశారు. తేడా సరిగా 3,600.

మరునాడు జుమా. నమాజు తరువాత అందరి ఎదుట ఆ రసీదును చదివి వినిపించాము. పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. అసర్ నమాజుకు మళ్ళీ మొదటి వరుసలో కనిపించారు.

ఆ సాయంత్రం అతను నన్ను కలిసి, "హజ్రత్, నాకిప్పుడు ఆ చదువు లేదన్న బాధ లేదు. నా కూతురు తొమ్మిదో తరగతిలో ఉంది. లెక్కలంటే ఇష్టం. నేను అడిగిన ప్రశ్నే అడుగుతోంది. దానికి ఏం చెప్పమంటారు?" అన్నాడు.

ఈసారి తొందరపడలేదు. కాకినాడలో ఒక చార్టర్డ్ అకౌంటెంటును కలిసి వివరాలు అడిగాను. మా గ్రంథాలను కూడా మళ్ళీ తెరిచాను.

అప్పుడు గమనించాను, తెలుగులో లెక్కల భాష ఎంతవరకు మా మదర్సా భాషేనో. జమ, బాకీ, వసూలు, నగదు, అసలు అనేవి అరబీ మూలం గల మాటలు. ఖర్చు, రసీదు పారసీకం నుంచి వచ్చాయి. లెక్కలను పరిశీలించడానికి తనిఖీ అంటాము, అదీ అరబీ పదమే. చిట్టా ఆవర్జాలలోని ఆవర్జా, పూర్వపు ముస్లిం రాజ్యాల కచేరీలలో వాడుకలో ఉన్న లెక్కల పుస్తకం పేరు. ఆ కచేరీల లెక్కలు పారసీకం నుంచి తెలుగు కరణాల చేతికి వచ్చాయి. 1984లో ఆ పదవులు రద్దయ్యే వరకు గ్రామం లెక్క అంతా కరణాల దగ్గరే ఉండేది. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం వారసత్వ వాటాల లెక్కలే. లెక్క మనకు పరాయి విద్య కాదు.

లెక్క అడిగే సంప్రదాయమూ పరాయిది కాదు. జకాతు వసూలుకు పంపిన ఇబ్నుల్ లుత్బియ్యా తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చినది అని రెండు భాగాలు చూపినప్పుడు దైవప్రవక్త (స) అంగీకరించలేదు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చొని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అని నిలదీశారు. ఈ సంఘటన బుఖారీలో ఉంది. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) దేశపు ధాన్యాగారాల బాధ్యత తానే అడిగి తీసుకుంటూ చెప్పిన అర్హతలు రెండు. తాను భద్రంగా కాపాడగలవాడినని, ఆ పని తెలిసినవాడినని. నిజాయితీ ఒక్కటే చాలదు, విద్య ఒక్కటే చాలదు. మా పెద్దాయనకు నిజాయితీ ఉంది, పుస్తకం వ్రాసినవారికి విద్య లేదు. అందువల్లనే ఆయన చివరి వరుసకు పోవలసి వచ్చింది.

ఇక వడ్డీ సంగతి. ఆ అమ్మాయికి హదీసును దాచలేదు. మొత్తం చెప్పాను. వడ్డీ లెక్క పాఠంలో నేర్చుకోవడం వేరు, వడ్డీ ఒప్పందం కుదిర్చి వ్రాయడం వేరు. వడ్డీని గుర్తుపట్టలేనివాడు దాని నుంచి తప్పుకోనూ లేడు, ఇతరులను తప్పించనూ లేడు. జరిగిపోయిన వ్యాపారాన్ని పరిశీలించి ఉన్నది ఉన్నట్లు చెప్పే ఆడిటరు విషయంలో ఉలమాలు వివరంగా చర్చించారు. కొందరు అవకాశం ఇచ్చారు, కొందరు జాగ్రత్త కోరారు. కనుక ఉద్యోగం ఎంచుకునే రోజున, చేయవలసిన పని ఏమిటో వివరంగా చెప్పి నమ్మదగిన ముఫ్తీని అడగాలి. వర్తకం, కర్మాగారాలు, ఆసుపత్రులు, ఎగుమతులు, పన్నుల లెక్కలు, జకాతు, వక్ఫు లెక్కలు ఇలా హలాల్ పని చాలా ఉంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక చిన్న వ్యాపారులెందరికో లెక్కలు తెలిసిన మనిషి అవసరం పెరిగింది. ఇస్లామీ ఆర్థిక సంస్థల లెక్కలకు ప్రమాణాలు రూపొందించే సంస్థ ఒకటి 1991 నుంచి బహ్రెయిన్‌లో పనిచేస్తోంది.

చదువు వివరాలు ఇవి. మన ఉన్నత పాఠశాలల్లో అకౌంటెన్సీ పాఠ్యాంశం కాదు. ఇంటర్మీడియట్‌లో సీఈసీ లేక ఎంఈసీ తీసుకుంటే మొదలవుతుంది. లెక్కల మీద ఇష్టం ఉన్నవారికి ఎంఈసీ మేలు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడింది. దాని ఫౌండేషన్ పరీక్షను ఇంటర్ అయ్యాక వ్రాయవచ్చు. పదో తరగతి తరువాతనే పేరు నమోదు చేసుకోవచ్చు. అకౌంటింగ్, వ్యాపార చట్టాలు, గణితం, అర్థశాస్త్రం అని నాలుగు పేపర్లు, ఒక్కొక్కటి 100 మార్కులు. ప్రతి పేపరులో కనీసం 40, మొత్తం 400కు 200 రావాలి. తరువాత ఇంటర్మీడియట్, రెండేళ్ళ శిక్షణ, ఫైనల్ ఉంటాయి. మొదటి ప్రయత్నంలో తప్పేవారే ఎక్కువ, దానికి కుంగిపోరాదు. కాస్ట్ అకౌంటెన్సీ మరొక దారి. బి.కామ్ చదివి జీఎస్టీ పని నేర్చుకున్నా గౌరవంగా బ్రతకవచ్చు. మదర్సా విద్యార్థులు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పన్నెండో తరగతిలో అకౌంటెన్సీ చదవవచ్చు.

తొమ్మిదో తరగతిలో చేయవలసినది మూడు పనులే. భిన్నాలు, శాతాలు, నిష్పత్తులు కాలిక్యులేటరు లేకుండా చేయగలగాలి. ఆంగ్లం మీద పట్టు సాధించాలి, ఎందుకంటే ఈ పరీక్షలు ఆంగ్లంలో లేక హిందీలో వ్రాయాలి, తెలుగులో వ్రాసే వీలు లేదు. మూడవది, ఇంటి జమాఖర్చులు ప్రతిరోజూ వ్రాయాలి.

వాళ్ళ నానమ్మ, "ఆడపిల్లకు ఈ లెక్కలెందుకు మౌలానాగారూ?" అన్నారు. హజ్రత్ ఖదీజా (ర) వ్యాపారాన్ని గుర్తు చేశాను. మన దేశంలో తొలి మహిళా చార్టర్డ్ అకౌంటెంటు మద్రాసుకు చెందిన ఆర్. శివభోగం అని, ఆమె 1933లోనే అకౌంటెన్సీలో అర్హత సంపాదించారని కూడా చెప్పాను. నానమ్మ నవ్వి, "అయితే నా పింఛను లెక్క కూడా అదే చూడాలి" అన్నారు.

నెల తరువాత అమ్మాయి తన పుస్తకం తెచ్చి చూపింది. పాలు, బియ్యం, గ్యాసు, తమ్ముడి ఫీజు అన్నీ తేదీలవారీగా ఉన్నాయి. చివరి పేజీలో ఎర్ర సిరాతో ఒక పంక్తి ఉంది. "తేడా 12 రూపాయలు. దొరకలేదు."

"ఏదో ఒక ఖర్చు క్రింద వ్రాసి సరిచేయవచ్చు కదమ్మా?" అని పరీక్షించడానికి అడిగాను.

"అలా చేస్తే అబద్ధం అవుతుంది కదా హజ్రత్" అంది.

ఆమె నాన్నకు చెప్పని మిగతా సగాన్ని ఆ రోజు ఆమెకు చదివి వినిపించాను, సూరా అల్ బఖరాలోని 282వ ఆయతును మొదటి నుంచి చివరి వరకు. అల్లాహ్ మన పిల్లల చేతులకు న్యాయంగా వ్రాసే శక్తిని, హరామును గుర్తించి తప్పుకునే వివేకాన్ని ప్రసాదించుగాక. సగం చెప్పి ఊరుకున్న ఉస్తాదులను క్షమించుగాక. ఆమీన్.