తీసివేయవలసిన ఆసరా

గుండెకు స్టెంటు వేయించుకున్న సంగతి మా తణుకులో పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని పదిమందికీ చెప్పుకుంటారు. మూత్రనాళం ఇరుకైన సంగతి మాత్రం కట్టుకున్న భార్యకు కూడా చెప్పరు. మా పెదనాన్నగారూ చెప్పలేదు.

ఆయన విశ్రాంత ఉపాధ్యాయులు. ఏలూరు బస్సెక్కాలంటే ముందురోజు సాయంత్రం నుండే మంచినీళ్ళు మానేసేవారు. ఎందుకని అడిగితే "వయసురా" అని మాట దాటవేసేవారు. ఒకనాటి రాత్రి మూత్రం పూర్తిగా బంధించే వరకు అసలు సంగతి బయటపడలేదు. అప్పటికే మూత్రపిండాలు వాచి ఉన్నాయి.

దెబ్బ తగలడం, ఎప్పుడో ఆపరేషన్‌లో పెట్టిన గొట్టం, సుఖవ్యాధి, ఇటువంటి కారణాల వల్ల నాళపు లోపలి పొర గాయపడి, మానేటప్పుడు మచ్చకట్టి బిగుసుకుంటుంది. దీనినే స్ట్రిక్చర్ అంటారు. సాగదీసే చికిత్స మనకు కొత్తది కాదు. ముందోలు బిగిసి మూత్రధార సన్నగిల్లే నిరుద్ధప్రకశానికి సుశ్రుతుడు ఇనుప గొట్టమో, కొయ్య గొట్టమో, లక్క గొట్టమో నెయ్యి పూసి చొప్పించమన్నాడు. మూడేసి రోజులకు మరింత లావు గొట్టం మార్చమన్నాడు. చిక్కేమిటంటే, స్ట్రిక్చర్‌లో సాగిన మచ్చ మళ్ళీ ముడుచుకుంటుంది. ఏటేటా పూడిక తీసినా మళ్ళీ పూడే మన డెల్టా కాలువల వంటిదే ఇది. పెదనాన్నగారికి మూడుసార్లు అదే జరిగింది.

నాలుగోసారి వైద్యులు తాత్కాలిక స్టెంటు పెట్టారు. మచ్చను కోసి వెడల్పు చేసిన చోట దీనిని ఉంచితే, ఆ చోటు మానేంతవరకు నాళం మూసుకుపోకుండా కాపాడుతుంది. శ్లాబు గట్టిపడేదాకా ఉంచే సెంట్రింగు వంటిది. నికెల్, టైటానియం మిశ్రలోహంతో చేసిన ఒక రకం వేడినీటికి విచ్చుకొని, చన్నీటికి మెత్తబడి, తీగలా బయటికి వస్తుంది. వెనుక శాశ్వత స్టెంట్లూ వచ్చాయి. కణజాలం వాటిలోకి పెరిగి, తీయడమే మరో పెద్ద ఆపరేషన్ కావడంతో వాటి వాడుక తగ్గిపోయింది. గుండె స్టెంటు ఉండిపోవడానికి, ఇది తీసివేయడానికి.

ఇది సర్వరోగనివారిణి కాదు. స్టెంటు జారవచ్చు, పెచ్చు కట్టవచ్చు, తీశాక ఇరుకు తిరిగి రావచ్చు. పొడవైన ఇరుకులకు బుగ్గ లోపలి పొరను అతికే యురెత్రోప్లాస్టీయే ఎక్కువకాలం నిలుస్తుంది. పెదనాన్నగారి స్టెంటు ఆరు నెలలకు తీశారు. ఏడాది గడిచింది, ధార బాగుంది. మూత్రపిండాలు మాత్రం పూర్తిగా కోలుకోలేదు. ఆ నష్టం జబ్బు వల్ల కంటే మౌనం వల్ల ఎక్కువ జరిగిందని నా నమ్మకం.

ఈ జబ్బును అనుమానించడానికి చేసే తొలి పరీక్షలో సూది లేదు, కోత లేదు. గరాటు వంటి యంత్రంలో మూత్రం పోయడమే. ధార వేగం సెకనుకు 15 మిల్లీలీటర్లు దాటితే సాధారణంగా భయం లేదు. మీ ఇంట్లో ప్రయాణమంటే నీళ్ళు మానేసే పెద్దాయన ఎవరైనా ఉంటే, ఒక్కసారి పక్కన కూర్చుని అడగండి.